పుస్తకం మూసి అడగండి



బడి వాట్సాప్ గ్రూపులో ఎఫ్‌ఏ పరీక్షల టైంటేబుల్ పడిందంటే ఆ సాయంత్రం నుంచి మన ఇళ్లలో గాలి మారిపోతుంది. పిల్లోడి చేతిలోంచి ఫోను పోతుంది, టీవీ రిమోట్ బీరువా మీదికి ఎక్కుతుంది. ప్రొద్దుటూరులో బట్టలంగడి కట్టేసి రాత్రి పదికి ఇల్లు చేరిన నాయన చెప్పులు విప్పుతూనే "చదివినావా?" అంటాడు. "చదివినా" అంటాడు పిల్లోడు. దాంతో విచారణ ముగుస్తుంది. జమ్మలమడుగు పక్కన మోరగుడిలో మగ్గం ముందు కూచున్న తల్లి "గట్టిగా చదువు, నాకు వినపడాల" అని కేకేస్తుంది. ఆ మగ్గం చప్పుళ్లో ఏం వినపడుతుందో ఆమెకే తెలియాల. పులివెందుల వైపు చీనీ తోటలో కాయ కోతకు పోయి వచ్చిన అమ్మకు ఆ కేక వేసే ఓపిక కూడా మిగలదు. ట్యూషన్‌కు పంపిస్తున్నాం కదా, వాళ్లే చూసుకుంటారులే అని పొయ్యి దగ్గరికి పోతుంది.

నేనివాళ మాట్లాడేది ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదివే పిల్లల గురించి. పదో తరగతి సంగతి వేరు, దానికి సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. చిన్నపిల్లల తల్లిదండ్రుల్ని కదిలిస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "మాకే చదువు రాదు సార్, పిల్లోళ్లకు మేమేం చెప్పిస్తాం" అనేది ఒకటి. రెండోది చదువుకున్నవాళ్ల ఇళ్లలో మాట. వాళ్లు నోటితో చెప్పరు గానీ చేతల్లో కనపడుతుంది. పిల్ల పక్కనే కూచుని, అది నోరు తెరిచేలోపే జవాబు అందించి, అట్ట మీద బొమ్మ తామే గీసి, అంటించి, కింద పిల్ల పేరు రాసి బడికి పంపిస్తారు. చూడటానికి ఈ రెండూ ఎదురెదురు దారులు. కానీ రెండింటి అడుగునా ఒకటే నమ్మకం ఉంది: ఇంట్లో చదివించడమంటే పాఠం చెప్పడమని. పాఠం చెప్పడం అయ్యవారి పని. ఇంట్లో చేయాల్సింది అడగడం, పిల్ల చెప్తుంటే వినడం. దానికి డిగ్రీ అక్కర్లేదు. ఒక్కోసారి డిగ్రీ లేకపోవడమే మేలు, ఎందుకో కాస్త ఆగి చెప్తాను.

అట్లా అడిగి వినేవాళ్లు లేనిచోట మిగిలేది బట్టీనే. అర్థం తెలియకుండా అప్పజెప్పే ఆ అలవాటు మన ప్రాంతంలో నిన్న మొన్న పుట్టింది కాదు. 1823లో బళ్లారి కలెక్టరుగా ఉన్న ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని వీధిబడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపించాడు. క్యాంప్‌బెల్ అనగానే జమ్మలమడుగు వాళ్లకు ఆసుపత్రి గుర్తుకొస్తుంది. ఆ క్యాంప్‌బెల్ వేరు, ఈయన అంతకు చాలా ముందటివాడు. బళ్లారి, కడప రెండూ దత్తమండలాల్లో పక్కపక్క జిల్లాలే గనక ఆ బడుల తీరు మనకు పరాయిదేమీ కాదు. జిల్లా మొత్తం మీద 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆయన లెక్క చెప్పాడు. బడి పొద్దున ఆరింటికే. అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్లు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవాళ్లు, అంటే వాడికి మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవడమే. చివరాఖరున వచ్చినవాడి చేయి ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఆ నివేదికలో ఒక మెచ్చుకోలు ఉంది, ఒక ఫిర్యాదు ఉంది. ఇసుకలో వేలితో రాయించడం, ముందుకు పోయిన పిల్లల చేత వెనక ఉన్న పిల్లలకు చెప్పించడం ఆయనకు బాగా నచ్చాయి. అట్లా చెప్పడంలో చెప్పే పిల్లోడి చదువు కూడా గట్టిపడుతుందని రాశాడు. ఫిర్యాదు ఏమిటంటే, పిల్లలు పద్యాలకు పద్యాలు చిలకల్లా అప్పజెప్తున్నారు గానీ చదివేదాని అర్థం వాళ్లకు తెలియడం లేదని. రెండు వందల ఏళ్ల కిందటి ఆ ఫిర్యాదును ఇవాళ ఏ స్కూలు కాంపౌండు పక్కన నిలబడి చదివినా సరిగ్గా సరిపోతుంది. పద్యాల స్థానంలో ఇంగ్లీషు ప్రశ్నా జవాబులు వచ్చాయి, అంతే తేడా.

బట్టీని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఎక్కాలు నోటికి రావాల్సిందే. ఏడెనిమిదులు ఎంతంటే వేళ్లు లెక్కపెట్టే పిల్లకు అయిదో తరగతి భాగహారం నరకం. గుణింతాలూ అంతే. చిక్కంతా పాఠాలను కూడా ఎక్కాల్లాగా అప్పజెప్పించడంలో ఉంది.

మరి ఏం చేయాలి? పుస్తకం మూసేసి అడగాలి. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరి చేత దాన్ని రెండుసార్లు చదివించారు. కొందరి చేత ఒకసారి చదివించి, కాగితం తీసుకుని, గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వాళ్లకు నూటికి 81 పాళ్లు గుర్తుంది, వీళ్లకు 75. వారం తర్వాత అడిగితే మాత్రం తారుమారైంది. రెండుసార్లు చదివినవాళ్లకు 42 పాళ్లు మిగిలితే, ఒకసారి చదివి గుర్తుతెచ్చుకున్నవాళ్లకు 56 మిగిలింది. పరీక్షకు ముందు రాత్రి కూచోబెట్టి పదిసార్లు చదివిస్తే తెల్లారి కాస్త మార్కులు రావడం, నెల తర్వాత అదే పాఠం అడిగితే పిల్ల తెల్లమొహం వేయడం ఎందుకో దీంతో తెలుస్తుంది.

అయితే ఏడేళ్ల పిల్లకు తెల్లకాగితం ఇచ్చి గుర్తున్నదంతా రాయమంటే పని జరగదు. ఏడుపు మిగులుతుంది. చిన్నచిన్న ప్రశ్నలతో ఊతం ఇవ్వాలి. ఇక్కడే మన చదువురాని అమ్మ పనికొస్తుంది. మగ్గం ముందు కూచునే, చేయి ఆడిస్తూనే అడగొచ్చు. "ఈరోజు ఏం పాఠం చెప్పినారు?" "నీళ్ల పాఠం." "నీళ్లు యాడ నుంచి వస్తాయంట?" "వాన నుంచి." "మనకు వాన పడదు కదా, మరి ఏటికి నీళ్లు యాడివి?" పిల్ల ఆలోచనలో పడుతుంది. మైలవరం డ్యామ్ గుర్తుకొస్తుంది, దాని పైన గండికోట గుర్తుకొస్తుంది, పెన్న యాడ పుడుతుందో అయ్యవారు చెప్పింది సగం గుర్తుకొస్తుంది. ఆ సగం దగ్గర ఆగిపోతే పుస్తకం తెరిచి వెతుక్కుని చెప్పమనాలి. వెతుక్కుని చెప్పింది ఇక మరవదు. అమ్మకు జవాబు తెలియదు గనక నిజంగానే తెలుసుకోవాలని అడుగుతుంది. ఆ సంగతి పిల్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఎమ్మే చదివిన తండ్రి అడిగితే అది పరీక్ష అవుతుంది, అమ్మ అడిగితే ముచ్చటవుతుంది. డిగ్రీ లేకపోవడం మేలని ఇందాక అన్నది ఇందుకే.

"సార్, పుస్తకం ఇంగ్లీషులో ఉంది కదా" అంటారు. మన ప్రభుత్వ బడుల పుస్తకాలు తీసి చూడండి. ఒక పేజీ ఇంగ్లీషు ఉంటే దాని పక్క పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. పిల్ల చేత ముందు తెలుగు పేజీ చదివించి, కథ చెప్పించుకుని, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీకి పంపించండి. తెలిసిన సంగతిని కొత్త భాషలో చదవడం ఒక పని, తెలియని సంగతిని తెలియని భాషలో చదవడం రెండు పనులు. చాలామంది ఆ తెలుగు పేజీ చదివితే ఇంగ్లీషు రాదని దాన్ని ముట్టనివ్వరు. అది పొరపాటని నా గట్టి అభిప్రాయం. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో జవాబు ఉర్దూలోనే చెప్పించుకోండి, తప్పేం లేదు. అర్థమైందా లేదా అన్నది ముఖ్యం, ఏ భాషలో చెప్పిందన్నది తర్వాత సంగతి. ప్రైవేటు బడి పుస్తకాల్లో ఈ వసతి ఉండదు. అక్కడ పాఠం పేరు, ముఖ్యమైన నాలుగు మాటలు తెలుగులో ఏమంటారో మిస్‌ను అడిగి రమ్మని పిల్లకే పురమాయించండి.

ఇప్పుడొక లెక్క దగ్గరికి వద్దాం. రేడియోలో లెక్క ఏంటని విసుక్కోకండి, మీ దగ్గర కాగితం ఉంటే రాసుకోండి. నాలుగు వందల రెండులోంచి నూట డెబ్బై ఎనిమిది తీసేయాలి. మూడో తరగతి పిల్లల్లో చాలామంది 376 అని రాస్తారు. పెద్దలు చూసి "తప్పు" అని ఇంటూ పెట్టి, 224 అని పక్కన రాసి పుస్తకం విసిరేస్తారు. ఒక్క నిమిషం ఆగి ఆ 376 ఎట్లా వచ్చిందో చూడండి. ఎనిమిదిలోంచి రెండు తీస్తే ఆరు. ఏడులోంచి సున్నా తీస్తే ఏడు. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడు. పిల్ల నిర్లక్ష్యంగా చేయలేదు. తీసివేత అంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమని ఒక సూత్రం కట్టుకుని, మూడుచోట్లా తు.చ. తప్పకుండా అదే చేసింది. సూత్రమే తప్పు. ఇట్లాంటి పిల్ల చేత ఇంకో యాభై తీసివేతలు చేయిస్తే యాభైసార్లూ ఆ తప్పు సూత్రాన్నే సాధన చేస్తుంది.

దీనికి మందు ప్రొద్దుటూరు అంగళ్లలో రోజూ జరిగే పనే. పిల్ల ముందు నాలుగు వందనోట్లు, రెండు రూపాయి బిళ్లలు పెట్టండి. "నాకు నూట డెబ్బై ఎనిమిది ఇయ్యి" అనండి. వందకైతే నోటు ఉంది. డెబ్బై ఎట్లా ఇస్తుంది? పదినోట్లు లేవు. "చిల్లర కావాలమ్మా" అని తానే అంటుంది. ఆ మాట దాని నోట్లోంచి వచ్చేదాకా మీరు నోరు మెదపొద్దు, అసలు పనంతా అక్కడే ఉంది. ఒక వంద తీసుకుని పది పదినోట్లు ఇవ్వండి. ఇంకా ఎనిమిది రూపాయలకు తక్కువైతే ఒక పదినోటు తీసుకుని పది బిళ్లలు ఇవ్వండి. ఇప్పుడు దాని ముందు మూడు వందలు, తొమ్మిది పదులు, పన్నెండు బిళ్లలు ఉన్నాయి. అందులోంచి ఇవ్వాల్సింది ఇచ్చేస్తే రెండు వందలు, రెండు పదులు, నాలుగు బిళ్లలు మిగులుతాయి. అదయ్యాక కాగితం మీద అదే లెక్క వేయించండి. నాలుగు కొట్టేసి మూడు ఎందుకు రాస్తామో, సున్నా మీద తొమ్మిది ఎందుకు వచ్చి కూచుంటుందో అప్పుడు చెప్పాల్సిన పని ఉండదు. నోట్లు లేకపోతే పాత క్యాలెండరు చించి కాగితాల మీద రాసుకోండి.

నేతపనివాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పడుగులో ఒక పోగు తెగితే ఎక్కడ తెగిందో వెతికి అక్కడ అతుకుతారే గానీ చీరంతా విప్పి కూచోరు. పరీక్ష పేపరు ఇంటికి వచ్చినప్పుడు చూడాల్సింది ఆ తెగినచోటునే. ఇరవైకి పదకొండు వచ్చాయంటే పోయిన ఆ తొమ్మిది ఎక్కడెక్కడ పోయాయి? ప్రశ్న అర్థం కాక పోయాయా, జవాబు తెలిసీ రాయలేక పోయాయా, టైము చాలక పోయాయా, ఆ పాఠం చెప్పిన రోజు బడికే పోలేదా? ఈ చివరిదాన్ని మనం పట్టించుకోం. పెళ్లిళ్ల కాలంలో, తిరునాళ్లప్పుడు, పంట కోతలప్పుడు నాలుగైదు రోజులు బడి మాన్పిస్తాం. తల్లికి వందనం డబ్బు కోసం హాజరు నూటికి 75 ఉంటే చాలులే అని లెక్కేసుకుంటాం. ఆ మిగిలిన పాతిక పాళ్లలోనే భిన్నాల పాఠం మొదలై ఉంటుంది. ఆపైన పిల్లకు ఆ అధ్యాయమంతా గోడే. బడి మాన్పించక తప్పనిరోజు, సాయంత్రం పక్కింటి పిల్లోడి నోట్సు తెప్పించి, ఆ పిల్లోడినే కూచోబెట్టి "ఈరోజు ఏం చెప్పినారో మాకూ చెప్పు" అనండి. క్యాంప్‌బెల్ మెచ్చుకున్న పద్ధతి అదే, ఇద్దరికీ లాభం.

తెలుగు డిక్టేషన్‌కు నేను బస్టాండును నమ్ముకుంటాను. మన మూడు ఊళ్ల పేర్లే చాలు. "ప్రొద్దుటూరు" అని రాయమంటే రావత్తు పెట్టి దావత్తు మరిచే పిల్లలు, దావత్తు పెట్టి రావత్తు మరిచే పిల్లలు ఎంతమందో. "జమ్మలమడుగు"లో రెండు చోట్ల మ వస్తుంది, ఒత్తు ఒకదానికే. దేనికన్నది నోటితో మెల్లగా పలికితే తప్ప తేలదు. "పులివెందుల"లో ఒత్తే లేదు, సున్నా ఉంది. అది ఎక్కడ పడాలో చూడాల. ఇంకొంచెం ముదురు పిల్లలకు "ఎర్రగుంట్ల" ఇవ్వండి, దాంట్లో ఒత్తులూ సున్నా అన్నీ ఉన్నాయి. ముద్దనూరు, వేంపల్లె, పెద్దముడియం ఎటూ ఉన్నాయి. బస్సు వచ్చేదాకా బోర్డులు చదివించడం, ఇంటికి పోయాక చూడకుండా రాయించడం. తప్పు రాస్తే దిద్దకండి. మరుసటిరోజు బస్టాండులో తనే చూసుకుని దిద్దుకోమనండి. ఊరిపేరు తప్పు రాశామని పిల్లలకు భలే పౌరుషం వస్తుంది.

ఎంతసేపు చదివించాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. కేంద్ర విద్యాశాఖ 2020లో స్కూల్ బ్యాగ్ పాలసీ అని ఒకటి తెచ్చింది. దాని ప్రకారం ఒకటి, రెండు తరగతులకు హోంవర్కే వద్దు. మూడు నుంచి అయిదు దాకా వారం మొత్తానికి రెండు గంటలు మించొద్దు. వారానికి అని మళ్లీ చెప్తున్నాను, రోజుకు కాదు. మన ఊళ్లలో రెండో తరగతి పిల్లోడు నాలుగింటికి బడి వదిలి, అయిదింటికి ట్యూషన్‌లో కూచుని, ఎనిమిదింటికి కళ్లు నలుపుకుంటూ ఇంటికొచ్చి, తింటూ తింటూ కంచం ముందే తూలిపోతున్నాడు. ఆ మూడు గంటల్లో ఏం చేస్తున్నాడంటే బడిలో రాసిందే మళ్లీ ఇంకో పుస్తకంలో ఎక్కిస్తున్నాడు. పెద్దలిద్దరూ పనికి పోయే ఇళ్లలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే చోటుగా ట్యూషన్ అవసరమే, కాదనను. కానీ అది చదువు అనుకుని రాత్రి పది నిమిషాల ముచ్చట మానేస్తే మాత్రం నష్టం మీదే.

పది నిమిషాలు చాలు. ఈరోజు పాఠం ఈరోజు రాత్రి ఒకసారి, రేపు అన్నం తినేటప్పుడు ఒకసారి, మళ్లీ ఆదివారం ఒకసారి అడగండి. మనిషి మరుపు ఎంత వేగంగా పనిచేస్తుందో జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే పరీక్షలు చేసుకుని రాశాడు. విన్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజు రెండు రోజుల్లోనే జారిపోతుంది, ఆ తర్వాత జారుడు నెమ్మదిస్తుంది. అందుకే వెంటవెంటనే ఒకసారి, ఎడమిచ్చి ఒకసారి. ఒంటిపూట బడులు పెట్టే మార్చి, ఏప్రిల్‌లో మన ఎండలకు మధ్యాహ్నం చదువు తలకెక్కదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం నిద్రపోనిచ్చి, పొద్దు వాలినాక మిద్దె మీద కూచోబెట్టండి.

ఇక పరీక్ష అనే దాని సంగతి. తెలిసి ఉండటం వేరు, ఇచ్చిన టైములో అడిగినంతే రాయడం వేరు. ప్రొద్దుటూరు బడిలో తెలుగు చెప్పిన పుట్టపర్తి నారాయణాచార్యులు గారి కథ మీలో చాలామంది వినే ఉంటారు. చిన్నవయసులో ఆయన రాసిన కావ్యం పెనుగొండ లక్ష్మి, తర్వాత ఆయనే విద్వాన్ పరీక్షకు కూచున్నప్పుడు పాఠ్యపుస్తకంగా వచ్చింది. రెండు మార్కుల ప్రశ్నకు పేజీలకు పేజీలు రాస్తూ పోయి, మిగతా ప్రశ్నలకు టైము చాలక ఆయన ఆ పరీక్ష తప్పారని మన వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. తన పుస్తకం మీద తానే పరీక్ష రాసి తప్పిన మనిషి శివతాండవం రాశాడు గనక మార్కులతోనే మనిషిని కొలవొద్దని ఎవరైనా చెప్తారు. నేను ఇంకో చిన్న సంగతి తీసుకుంటాను: పిల్లలకు పరీక్ష రాయడం అనే పనిని వేరుగా నేర్పించాల. వారానికి ఒకసారి, అయిదే అయిదు ప్రశ్నలు తెల్లకాగితం మీద రాసివ్వండి. మీకు రాయడం రాకపోతే పాఠం చివరి ప్రశ్నల్లో అయిదు టిక్కు పెట్టించండి. గోడ గడియారంలో పెద్దముల్లు ఎక్కడికి వచ్చేలోపు అయిపోవాలో చూపించండి. రానిది వదిలేసి వచ్చింది ముందు రాయడం, మిగిలిన టైములో మళ్లీ వెనక్కి రావడం, ఒక మాటలో చెప్పమంటే ఒక మాటే రాయడం, ప్రశ్న నంబరు వేయడం. వినడానికి అల్పంగా ఉంటాయి గానీ తెలివైన పిల్లల మార్కులు పోయేది ఇక్కడే.

ఆ కాగితం దిద్దేటప్పుడు చేతిలో బెత్తం వద్దు, నోట్లో పక్కింటి పాప పేరు వద్దు. ఇడుపులపాయ పేరు కూడా వద్దు. అక్కడ ట్రిపుల్ఐటీ 2008లో వచ్చిన దగ్గర్నుంచి, పదో తరగతి మార్కులతో సీటు వస్తుంది గనక, పల్లె పిల్లలకు పెద్ద ఆశ దొరికింది. దొరకాల్సిందే. అయితే "ఇట్లా చదివితే నీకు ఇడుపులపాయ సీటు వచ్చినట్టే" అని మూడో తరగతి పాపను దెప్పే తల్లుల్ని పులివెందుల, వేంపల్లె వైపు చూస్తాం. పదో తరగతి ఆ పాపకు ఇంకా ఏడేళ్ల దూరం. దాని మనసులో ఇడుపులపాయ అంటే తిట్లు తినే ఊరిగా నాటుకుపోతుంది.

బడివాళ్లతో మాట్లాడటం గురించి కూడా ఒక మాట. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిట్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. మన కడప మున్సిపల్ హైస్కూలుకు ఆరోజు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చారు. ఆ తర్వాత కూడా ఈ మీటింగులు జరుగుతున్నాయి. ముగ్గులు, ఆటలు, భోజనాలు, ఫోటోలు అన్నీ బాగుంటాయి. అయ్యవారి ముందు కూచునే అయిదు నిమిషాలు మాత్రం "మా వోడు ఎట్లా చదువుతున్నాడు సార్?" "బాగానే చదువుతున్నాడమ్మా, అల్లరి ఎక్కువ" అనే రెండు ముక్కలతో అయిపోతాయి. ఈసారి పోయినప్పుడు పరీక్ష పేపరు చేతిలో పట్టుకుని పోండి. "ఈ తీసివేత ఎక్కడ తప్పుతున్నాడు సార్? ఇంట్లో ఎట్లా చేయించమంటారు?" అని వేలు పెట్టి చూపించి అడగండి. అడిగే తల్లి ఉందని తెలిస్తే అయ్యవారు కూడా ఆ పిల్లోడి పుస్తకం ఇంకొంచెం జాగ్రత్తగా దిద్దుతారు. ఏ పాఠం వెనకబడిందో ఆయన చేత తేదీ వేయించుకోండి, రెండు వారాల తర్వాత మళ్లీ పోయి అడగండి.

మన జిల్లా నుంచి కువైట్‌కు పోయిన తల్లులు ఎందరో ఉన్నారు. పిల్లలు జేజి దగ్గరో, అవ్వ దగ్గరో పెరుగుతుంటారు. వీడియో కాల్‌లో "తిన్నావా? బాగా చదువుతున్నావా?" అని అడిగి, పిల్ల తల ఊపితే కళ్లు తుడుచుకుని ఫోను పెట్టేస్తారు. ఆ ఫోనులోనే పని జరుగుతుంది. పిల్లను పాఠం ముందు పెట్టుకోమనండి, పుస్తకం మూయమనండి, కథ చెప్పమనండి. అక్కడ పని ఒత్తిడిలో కాల్ మాట్లాడే వీలు లేకపోతే, పిల్ల చేత వాయిస్ మెసేజ్ పెట్టించండి. రాత్రి ఎప్పుడో విని మీరొక ప్రశ్న వాయిస్‌లోనే పంపించండి. పొద్దున లేచి పిల్ల దానికి జవాబు వెతుకుతుంది. జేజికి చదువు రాకపోయినా పరవాలేదు. పిల్ల చెప్తున్నప్పుడు ఎదురుగా కూచుని, అర్థం కానిచోట "అదెట్లా?" అని అడిగితే చాలు. పెద్దముసలమ్మ ప్రశ్నలకు నిలబడగలిగిన జవాబు పరీక్షలోనూ నిలబడుతుంది. మరుసటిరోజు మీరు ఫోన్ చేసినప్పుడు జేజి పాప మీద ఫిర్యాదులు మొదలుపెట్టకముందే ఆమెనే అడగండి, నిన్న పాఠంలో మీకేం తెలిసిందని.